డెట్లెఫ్ పడవలో వెనక బెంచీ

"ఆ డెట్లెఫ్ నేను పడవ కట్టుకునే గట్టు వేలంలో పాడుకుని నా పొట్ట కొట్టాడు. తెచ్చి తెచ్చి వాడి పడవే ఎక్కించావు."

"చుక్కాని పట్టమని నిన్నేగా పిలుస్తున్నాడు. ముందు వాడి పనితనం చూడు."

హాంబుర్గ్ రేవులో పన్నెండుమంది యాత్రికుల వెనక కూర్చుని ఆ మొగుడూ పెళ్లాలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

"విన్నావా, యాత్రికులకేం చెబుతున్నాడో? ఆ మిరియాల గోదాము తలుపు తీస్తే ఊరంతా తుమ్ముతుందట."

"అబద్ధం చెప్పని సరంగును ఈ రేవులో ఎవరు నమ్ముతారే? బాగానే కోశాడు."

"నవ్వావు."

"దగ్గాను. అదిగో వంతెన. నీళ్లు పోటు మీదున్నాయి, పైకప్పు గీసుకోవడం ఖాయం."

"ఇంజను ఆపేశాడేం?"

"వేగం తగ్గితే పడవ ముక్కు దిగుతుంది."

మొగుడు తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. పడవ నీటి వాలున జారుకుంటూ, వంతెన కింద జానెడు ఎడంతో దూరి అవతలికి వచ్చేసింది.

"తగిలిందా?"

"లేదు. నేనైతే పోటు తగ్గేదాకా ఆగేవాణ్ణి. వెధవే గాని, పనోడు."

"రేపట్నుంచి పనిలోకి వస్తావని చెప్పనా?"

"చెప్పు. మా నాన్న నాటినుంచీ మాదైన గట్టు వాడు లాక్కున్నాడని, అది పద్దెనిమిదిన్నర మీటర్లని, అందులో ఆ అర మీటరు కూడా నేను మర్చిపోలేదని చెప్పు."