రిజిస్టర్లో లేని పేరు

మధ్యాహ్నం మోండా మార్కెట్ వెనక చర్చి మెట్ల మీద, ఆ ఉదయం చనిపోయిన దేవకృప తండ్రీ, భర్తా కూర్చున్నారు. పెళ్లయిన ఆరేళ్లలో వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి.

“మీ ఖబరస్తాన్‌లో ఏమన్నారు?” అన్నాడు తండ్రి.

“కల్మా చదివి ముసల్మాన్ అయిందా అని అడిగిన్రు. చదవలేదన్న. అట్లయితే కుదరదన్నరు.”

“చదివిందని చెప్పాల్సింది.”

“కృప ప్రతి ఐతారం చర్చికే పోయింది, మామా. చచ్చినంక ఆమె మీద అబద్ధం చెప్పాల్నా?”

“పెళ్లికి ముందే కృపకి చెప్పాను. మీ మతమంతా చట్టం, రాజకీయం. అందులో దేవుడెక్కడున్నాడు?”

“నిఖా నాడు ఖాజీసాబ్ ఆమెను మతం మార్చుకోమనలే. మరి లోపల మీవోళ్లేమన్నరు?”

“రిజిస్టర్లో పేరు లేదన్నారు. బయటివాణ్ణి చేసుకుంటే పేరు కొట్టేస్తారు. పేరు లేకపోతే సమాధుల తోటలో చోటివ్వరు.”

“గది బైబిల్ల ఉందా?”

“లేదు. మా సంఘం తీర్మానం.”

“ఎవరు పెట్టిన్రు?”

“అది పెట్టిన సంవత్సరం సంఘం కమిటీ ఎలక్షన్లు. పెద్దవాళ్ల ఓట్లు కావాల్సి వచ్చి నేనే రాశాను. అప్పటికి కృప తొమ్మిదో క్లాసు చదువుతోంది.”

“మల్ల దాన్ని తీసెయ్యమని అడుగున్రి.”

“అడిగాను. సర్వసభ్య సమావేశం పెట్టి ఓటెయ్యాలి. దానికి నెల ముందు నోటీసివ్వాలి. ఆ షరతూ నేను రాసిందే.”

“కార్ఖానా బస్తీల మా ఇంట్ల కృపను ఐస్ మీద పండబెట్టిన, మామా. ఆ ఐస్ రేపటిదాంక సుత ఆగది.”