కళ్ళ మీద గారెల పిండి

బ్రూక్షాబాద్ ఆయుర్వేద వైద్యుడు చెప్పినట్టే, ఆమె తన భర్త కళ్ళ చుట్టూ మినప్పిండితో గట్టు కట్టి, అందులో గోరువెచ్చటి మందు నెయ్యి పోసింది. ఇక అరగంట దాకా అతను కదలకూడదు. ఆమెకు కావలసిందీ అదే.

“మా అమ్మ పోయినప్పుడు నీ కంట చుక్క రాలేదేటి?”

“చెప్పేను గదే, కళ్ళు ఆరిపోయే జబ్బని. వైద్యుడూ అదే అన్నాడు.”

“మరి మొన్న వండూర్లో సురమాయి చేప గాలం తెంపుకుపోతే, ధారగా కార్చేవు?”

“అదీ ఆ జబ్బేనే! ఆరిన కళ్ళే ఒక్కోపాలి తెగ కారతాయంట.”

“అబ్బో, బడా హోషియార్ జబ్బు! అత్త పోతే ఆరతాది, చేప పోతే కారతాది.”

అతనికి నవ్వొచ్చింది గానీ, నెయ్యి ఒలుకుతుందని బిగబట్టాడు.

“చాల్లే ఎకసెక్కాలు. పొద్దున్నే ఇంత పిండి ఎందుకు రుబ్బేవు?”

“ఈవేళ అమ్మ మాసికం. గారెలకి రుబ్బిందాన్లోంచే రెండు ముద్దలు తీసేను.”

“అయితే?”

“మధ్యాన్నం చుట్టాలందరి ముందూ నువ్వు ఏడిసేవా, సరే. లేదంటే నీ కళ్ళ మీదున్న ఈ రెండూ వేయించి నీ ఆకులోనే వడ్డిస్తాను. చిల్లులెలాగూ పడే ఉన్నాయి.”