అద్దకం లేని నాటి ఎరుపు

“అవ్వా, లెట్రీన్లో నీళ్లు సరిగ్గా దిగడం ల్యా. బేసినంతా పసుపు పట్టి ఉండాది. యాసిడ్ పోసేదా?”

ఆగు మే, పోయబాక. ఆ సీసా ఆడ పెట్టి ఇట్ల వచ్చి కూసో. నీళ్లు నిలిచినప్పుడు యాసిడ్ పోస్తే కిందుండే అడ్డం పోదు, పొగంతా మన గొంతులోకి వస్తాది. ముందు అడ్డం తియ్యాల, ఆనక తోమాల. ఇది నాకు ఎవురూ నేర్పలా. ఎట్ల నేర్చుకున్నానో మీ నాయనకు గూడా పూరాగా తెలీదు. నీకు సెప్తా, ఇను.

మీ తాత అద్దకం పని సేసేవాడు గదా. నగరిలో పవర్లూములోళ్లు నూలు తెచ్చిస్తే, మన పెరట్లోనే తొట్లు పెట్టి రంగేసి, గంజి పట్టించి, ఎండబెట్టి ఇచ్చేవాడు. అప్పటికి నువ్వు పుట్టలా... కాదు కాదు, పుట్టినావు. మీయమ్మ నిన్ను ఎత్తుకోని పుత్తూరులో వాళ్లమ్మగారింట్లో ఉండె. మీ నాయన తిరుపతిలో అంగట్లో పని. ఇంట్లో మేమిద్దరమే. ఆ యేడు లెట్రీను కొత్తగా కట్టిచ్చినాం. మా వదిన, అదే, మీ తాత అక్క, ఊరికే ఉండే మనిషి కాదు ఆయమ్మ, “నీలం బేసిను కొనమే, రంగులోళ్ల ఇంట్లో తెల్లది నిలస్తాదా?” అనె. నేను ఇనలా. తెల్లదే కావాలంటి. పుట్టినింట్లో సెంబు పట్టుకోని చేన్లోకి పోయినదాన్ని, నాకంటూ ఒక తెల్లటి లెట్రీను. నవ్వబాక. అంత మురిపెం నాకు.

అద్దకం నీళ్లు ముందు వీధి కాలవలోకే వదిలేవాళ్లం. కాలవ ఎర్రగా పారతా ఉండాదని ఎదురింటోళ్లు వాకిట్లోకి వచ్చి తిట్టిరి. వాళ్ల తప్పేముండాది, వాళ్ల పిల్లోళ్లు తొక్కే కాలవ. అప్పట్నించి తొట్లు కడిగిన నీళ్లు, మిగిలిన గంజి, అన్నీ తెచ్చి లెట్రీన్లో పోసేది. గంజిలో నూలుపోగులు ఉంటాయి గదా. అవి పైపు వంపులో సుట్టుకోని, గంజి మీద గంజి పేరుకోని, ఇంక సెంబుడు నీళ్లు పోస్తే ఎగదన్ని నిలిచేది. నిమ్మళంగా, ముసలోళ్లు మెట్లు దిగినట్ల దిగేది. బేసిను ఒక దినం పచ్చ, ఒక దినం ఎరుపు. ఎరుపే జాస్తి. ఎర్రంచు చీరలకు గిరాకీ అప్పుడు. పొద్దన్నే లేచి నేను తోమేది. రంగులోళ్ల ఇంట్లో రంగు కాక ఏముంటాది అనుకోని తోమేది.

ఇంతలో ముసురు పట్టె. నాలుగు దినాలు ఎండ మొగం ల్యా. నూలు ఎండదని మీ తాత తొట్లన్నీ బోర్లించి పెట్టినాడు. పని ల్యాదు గదా, ఈ అడ్డం సంగతి సూద్దామని నేను పూనుకుంటి. ఇనప కమ్మీ కొన వంచి, వంపులోకి తోసి, తిప్పి తిప్పి లాగితి. ఏమొచ్చె అనుకున్నావు? నా జడంత నూలు! ఎరుపు, పచ్చ, నలుపు, అన్నీ కలిసి గంజితో బంకబంకగా. మీ తాత తలుపుకాడ నిలబడి, “మేయ్, పారెయ్యబాక, మగ్గానికెక్కిస్తే మా అక్కకు ఒక చీరొస్తాది,” అనె. కడుపు పట్టుకోని నవ్వినాం ఇద్దరం. వేడినీళ్లు రెండు బిందెలు పోస్తి. గుడగుడమని దిగిపాయ. ఆనక కూసోని తోమితి. పాలమాదిరి తెల్లగా వచ్చె.

మరుసటి పొద్దు పోయి సూస్తే ఎరుపు.

అట్లే నిలబడిపోతి. తొట్లు బోర్లించి అయిదో దినం. పెరట్లో సుక్క రంగు ల్యా, పైపులో పాత అడ్డమూ ల్యా. ఇంట్లో ఉండేది ఇద్దరం, నాకు ముట్టు నిలిచి ఏండ్లాయ. ఇంక ఎవురిది?

“ఏమయ్యా, ఇట్ల రా,” అంటి. వచ్చినాడు. సూసినాడు. “నిన్న బీట్రూట్ సేస్తివి గదమే,” అనె.

“నిన్న సొరకాయ పులుసు సేస్తి. అబద్ధం గూడా సరిగ్గా రాదా నీకు?”

తలుపు చట్రం పట్టుకోని నేల సూస్తా ఉండాడు. ఎన్నాళ్లనించి అని అడిగితే, “నొప్పి ల్యామే. నొప్పుంటే సెప్పనా?” అంటాడు. ఆనక ఒక్కో మాటా బయటికొచ్చె. రోజూ నాకంటే ముందు లేచి, మూత్రానికి పోయి, దానిమీద తొట్టిలోంచి ముంచిన రంగునీళ్లు ఒక సెంబు పోసొచ్చేవాడంట. కలిసిపోతాదని. ముసురులో పొయ్యడానికి రంగునీళ్లు ల్యాకపాయ, ఉత్తనీళ్లు పోస్తే తెల్ల బేసిన్లో ఎరుపు పూరాగా పోలా, దొరికిపాయ. వాళ్ల నాయన ఆస్పత్రికి పోయి తిరిగి రాలేదు గదా, ఆ బయం మనిషికి. “నువ్వు రంగనుకుంటా ఉంటివి. నేనూ రంగే అనుకుందామని సూస్తి,” అనె.

పెద్దాస్పత్రికి తీసకపోతిమి. డాక్టరమ్మ సిన్న వయసు, ఇప్పటి నీ వయసుకంటే నాలుగేండ్లు పెద్దదుంటాదేమో. “ఎప్పట్నించి ఎర్రగా వస్తా ఉంది?” అనడిగె. మీ తాత నా మొగం సూసె. ఆయన కాదు గదా, సెప్పాల్సింది నేను. ఉగాదికి ముందునించి ఆ ఎరుపు తోమతా ఉండాను తల్లీ నేను. అప్పటికి కార్తీకం. అన్ని నెల్లు నా సేత్తో నేనే తుడిసేసినాను. తెల్లగా పెట్టుకున్నానని మీ వాళ్లందురికీ గొప్పలు సెప్పుకున్నాను. మూత్రసంచిలో గడ్డ అనె డాక్టరమ్మ. రంగుల్లో పనిసేసేవాళ్లకు వస్తాదంట ఒక్కోసారి. “ఇంకా ముందే...” అని, నన్ను సూసి, మాట ఆపేసె.

ఆపరేషను సేసిరి. రెండేండ్లు బతికినాడు మీ తాత. ఆ రెండేండ్లూ, మూత్రానికి పోయినప్పుడల్లా తలుపు తీసి నన్ను పిలిసేవాడు. “సూడుమే, ఎరుపు ల్యా,” అని. పలక సూపిచ్చే పిల్లోని మాదిరి. నేను పొయ్యికాడున్నా, వానలో ఉన్నా పోయి సూసొచ్చేది. అవునయ్యా, ల్యా, అనేది.

కడాకు పిలవడం మానేసినాడు. ఎందుకో నాకు తెలిసె. నేనూ... నేనూ అడగలా.

ఏడవబాక మే. నువ్వు నూరేండ్లు సల్లంగుండాల. నీ కాడ నొప్పయినా, నొప్పి ల్యాకపోయినా, వచ్చి సెప్పుకునే మొగుడు దొరకాల నీకు. అంతే, ఇంకేం...