ఆళ్లగడ్డలో వాన కురిపించిన ఏసీ

నంద్యాలలో ఏసీలు బాగుచేసేవాళ్లు బజారుకొకరు ఉన్నారు. బాగుచేసినాక ఆ ముచ్చటను ఏసీకన్నా చల్లగా చెప్పేవాడు మాత్రం ఖాజా పీర్ ఒక్కడే. యాభై రెండేళ్ల మనిషి, సన్నగా, జొన్నకంకిలాగా తల ముందుకు వాల్చి నడుస్తాడు. చేతికి టీ గ్లాసు వచ్చిందంటే మొన్న చేసిన పని కూడా పెద్ద యుద్ధమైపోతుంది. తొమ్మిదేళ్లుగా అతనితో కలిసి పనిచేస్తున్న అనితకు ఇది అలవాటే. పనంతా అతని దగ్గరే నేర్చుకుంది, ఇప్పుడు ఇద్దరిదీ సమానమైన పొత్తు. కోతలు మాత్రం నేర్చుకోలేదు. ఆయన చెబుతుంటే పక్కన కూర్చుని, నిజం ఎక్కడ దిగిపోయిందో, కోత ఎక్కడ ఎక్కిందో గమనించడం ఆమెకొక సరదా.

మార్చి నెల, పొద్దున పదకొండు గంటలు. ఆళ్లగడ్డలో యశోదమ్మ కల్యాణ మండపం ఏసీకి ఎండలు ముదరకముందే సర్వీసు చేయడానికి ఇద్దరూ వచ్చారు. గోడకు తగిలించే చిన్న పెట్టె కాదది. బీరువా అంత మిషను ఒకటి లోపల నిలబడి ఉంటుంది, దాని చల్లగాలి రేకు గొట్టాల్లోంచి హాలంతా తిరుగుతుంది. లోపలి వేడిని బయటికి ఊదే మిషను మిద్దె మీద ఇంకొకటి. దుమ్ము పట్టిన జాలీలన్నీ కడిగి ఎండలో పెట్టారు. అవి ఆరేదాకా చేసేదేమీ లేక రోడ్డు దాటి మద్దిలేటి టీ అంగడికి వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

ఆ బల్లకు ఇంకో చివర కమలాక్షమ్మ కూర్చుని ఉంది. కొలిమిగుండ్ల దగ్గర సేద్యం చేసుకునే ఇంటి మనిషి. మే నెలలో కూతురు జాహ్నవి పెండ్లి. మండపం చూసుకుందామని బస్సు దిగితే, మండపం యజమాని యశోదమ్మ ఊళ్లోకి పోయిందని, అరగంటలో వస్తుందని చెప్పారట. ఖాజా పీర్ పక్కన పనిముట్ల సంచి చూసి, ఆ మండపం ఏసీ మీరే చూస్తారా, పెండ్లి మధ్యలో ఆగిపోదు గదా అని అడిగింది.

అంతే. మద్దిలేటి స్టవ్ మంట తగ్గించాడు. ఇంక చాలాసేపు పడుతుందని అతనికి తెలుసు.

"దాన్ని మిద్దె ఎక్కించిందే మేము అక్కా," అన్నాడు ఖాజా పీర్. "పోయిన సంవత్సరం లారీలో నంద్యాల నుంచి తెచ్చినాం. నాలుగు వందల కిలోలు. ఎనిమిది మంది కావాల్సిన పని, ఉన్నది నలుగురం. అయినా మధ్యాన్నం అన్నం యాళకంతా పైన కూర్చోబెట్టినాం."

ఆ రోజు ఉన్నది ఏడుగురని, పైకి చేరేసరికి పొద్దు గూకిందని అనితకు గుర్తే. కానీ ఇది కోత కింద లెక్క కాదు. వేడెక్కుతున్నాడంతే.

"నలుగురం అన్నానా? ముగ్గురు కింద ఉండిపోయినారు. గొలుసు కప్పీతో లాగుతాంటే సగం ఎత్తుకు పోయినాక కప్పీ జారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిద్దె మీద ఉండేది నేనొక్కన్నే. గోడకు ఒక కాలు తన్నిపెట్టి గొలుసు పట్టుకున్నా. ఎడమచేత్తో. కుడిచేతిలో టీ ఉండాది, అది యాడ పారబోసేది? మద్దిలేటి టీ మళ్లీ దొరుకుతాదా? అట్ల మిషను గాల్లో ఊగుతానే ఉండాది, నేను టీ తాగుతానే ఉండా. మహానందికి పోయే బస్సు ఆపి జనం దిగి చూసినారు. డ్రైవరు హారన్ కొట్టడం కూడా మర్చిపోయినాడు."

ఆ టీలో చక్కెర సరిపోయిందా అని మద్దిలేటి మాత్రం అడిగాడు. రవ్వంత తక్కువైందని, ఆ సంగతి అప్పుడు చెప్పలేకపోయానని ఖాజా పీర్ జవాబిచ్చాడు. కమలాక్షమ్మ కొంగు పెదవులకు అడ్డం పెట్టుకుంది.

ఆ నవ్వు చూశాక అతన్ని ఎవరూ ఆపలేరని అనితకు తెలుసు. ఏసీ వేసిన మొదటి పెండ్లి సంగతికి వచ్చాడు. స్విచ్చు వేసిన పావుగంటకే పెండ్లికొడుకు మీసాల మీద మంచు పట్టిందట. సాంబారు గడ్డ కట్టిపోతే వంటవాళ్లు కత్తితో కోసి ముక్కలు ముక్కలుగా వడ్డించారట. దోసిట్లోకి తీసుకునేసరికి తలంబ్రాలు వడగండ్లు అయిపోయాయట. పెండ్లికూతురు పోస్తుంటే పెండ్లికొడుకు నెత్తి టకటకమని మోగిందట. మండపం వెనక కట్టేసిన ఎనుమును సాయంత్రం పిండితే పాలు రాలేదు, ఐస్‌క్రీమ్ వచ్చింది. ఏ రకం ఐస్‌క్రీమ్ అని మద్దిలేటి అడిగితే, అది మేసిన గడ్డి రకమేనని చెప్పాడు.

"సరే, లోపల చలి. మరి లోపలుండే వేడి అంతా యాడికి పోవాల? అది చెప్పండి," అని ఇద్దరి ముఖాలూ చూశాడు. "మిద్దె మీది మిషను బయటికి ఊదుతాది. ఇది కోత కాదు, మిషను పనే అది. పక్కింటి రామమ్మ మిద్దె మీద వడియాలు ఆరబోసుకునింది. ఈ గాలి పోయి ఆటికి తగిలింది. గంట తర్వాత వచ్చి చూస్తే ఆరడం యాడిది, ఏగిపోయినాయి. నూనె లేకుండా. అదే టైముకి వేరుశెనగ బుడ్డల ట్రాక్టరు ఒకటి రోడ్డు మీద పోతాంది. ఈ గాలి కిందకి దిగి ట్రాలీలో బుడ్డలన్నీ ఏయించేసింది. ఊరి జనమంతా కమ్మని వాసన పట్టుకొని ట్రాక్టరు ఎంబడి నడుచుకుంటా, ఒలుచుకొని తినుకుంటా పోయినారు. రైతు ఇంటికి పోయి చూసుకుంటే ట్రాలీలో పొట్టు ఉండాది."

ఇప్పుడు కమలాక్షమ్మ పైకే నవ్వింది. పొద్దున్నే లేచి బస్సులు మారి వచ్చిన అలసట ఆమె ముఖంలో కొంచెం సడలింది. అనితకూ బాగుంది. ఈ కథ పోయినసారి చెప్పినప్పుడు ట్రాక్టరు లేదు.

"ఆ వేడి అంతటితో ఆగిందా? మీదికి పోయింది. మీదికి పోయి మబ్బు పట్టింది. ఏప్రిల్ నెల, ఆకాశంలో పక్షి కూడా లేదు, మండపం మీద మాత్రం గొడుగు పట్టినట్ల నల్లమబ్బు. కురిసింది చూడు వాన, ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా. మర్నాడు పొద్దున్నే బండి ఆత్మకూరు రైతులు పూలదండ తీసుకొని వచ్చినారు. అన్నా, మా పక్క చినుకు పడలేదు, మిషను మూతి రవ్వంత మా ఊరి దిక్కు తిప్పమన్నారు. తిప్పినా. మూడు రోజులు ఆడే పెట్టినా. నాలుగోరోజు వాళ్లే వచ్చి కాళ్లు పట్టుకున్నారు, చాలప్పా, మడికట్లు తెగిపోతాండాయి, ఆపమని."

బండి ఆత్మకూరు అనిత సొంత ఊరు. ఆమె వైపు మద్దిలేటి సాక్ష్యం అడుగుతున్నట్టు చూస్తే, ఔనన్నట్టు తలూపింది. ఇలాంటివాటికి అడ్డం రావలసిన పనిలేదు. వాన అబద్ధమైనా ఎవరి పొలమూ మునగదు.

కమలాక్షమ్మ కళ్లు తుడుచుకుంది. గ్లాసు బల్ల మీద పెట్టి, ఇంకో మాట అడగనా అంది. కొలిమిగుండ్లలో ఎవరో చెప్పారట. పోయిన ఎండాకాలం ఈ మండపంలో ఒక పెండ్లిలో ఏసీ ఆగిపోయిందని, ఎవరికో కరెంటు కొట్టిందని, పెద్ద గలాటా అయిందని. అది నిజమా అని అడిగింది.

అనిత ఖాజా పీర్ వైపు చూసింది. క్షణంసేపు అతని ముఖం ఖాళీగా కనిపించింది. తర్వాత ఎప్పటి నవ్వే తెచ్చుకున్నాడు.

"కరెంటు కొట్టేదా? నన్నా? అక్కా, కరెంటు నన్ను చూస్తే పక్కకు తప్పుకొని పోతాది. ఆ రోజు మెయిన్ స్విచ్చు దించి లైన్ తీయను కూడా తీయలేదు. మూడు ఫేజుల వైర్లు మూడు వేళ్ల మధ్య పెట్టుకున్నా. ఏది ఏ ఫేజో నాలిక మీద పెట్టుకొని చెప్పినా. కరెంటు ఒంట్లోంచి పోతాంటే నేను..."

అతను ఇంకా ఏదో అనబోతుండగా కమలాక్షమ్మ లేచి నిలబడింది. కోపంగా కాదు. చేతిసంచి భుజానికి తగిలించుకుని, యశోదమ్మ వస్తే తాను వెళ్లిపోయానని చెప్పమని మద్దిలేటికి చెప్పింది.

"ఏందక్కా, నవ్వులాటకు అన్నా," అన్నాడు ఖాజా పీర్.

"నవ్వులాటే అప్పా, తెలుసు," అంది ఆమె. "నాలుగేండ్ల కింద మా ఆయన చేనికాడ మోటరు పెట్టె బాగుచేస్తాండాడు. లైన్ తీసే చేస్తాండాడు. నీళ్లు రావడంలేదని పక్క చేను మనిషి వచ్చి, చూసుకోకుండా స్విచ్చు ఏసినాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేసినారు. రేపు కన్యాదానం ఒంటిచేత్తో చేయాల ఆయన. లైన్ తీయని మనిషి చూసే మండపంలో నా బిడ్డ పెండ్లి నాకొద్దు."

ఖాజా పీర్ తల ఇంకొంచెం ముందుకు వాలింది. మాటలతో బతికే మనిషికి ఒక్క మాటా దొరకడంలేదు. తొమ్మిదేళ్లలో అనిత అతన్ని ఇలా చూసింది ఇది రెండోసారి. మొదటిసారి సంగతి ఎవరికీ చెప్పొద్దని అతను అడిగాడు. ఇప్పటిదాకా ఆమె చెప్పలేదు.

"కూర్చో అమ్మా," అంది అనిత. "ఈయప్ప చెప్పిందంతా కోతే. లైన్ తీయకుండా ఈయన వైరు కూడా ముట్టుకోడు. వద్దు అనితా అని కళ్లతోనే చెప్తాండాడు, ఈసారి నేను విననులే. ఆ రోజు మిద్దె మీద ఉండేది నేను."

కమలాక్షమ్మ కూర్చోలేదు, కానీ పోనూ లేదు.

అనిత జరిగింది జరిగినట్టు చెప్పింది. పోయిన మే నెలలో ఒక పెండ్లి, నాలుగొందల మంది జనం. ముహూర్తానికి ముందు మిద్దె మీది మిషనులో ఒక వైరు వదులై మాడిపోయింది, ఏసీ ఆగిపోయింది. ఫోన్ వస్తే ఇద్దరూ నంద్యాల నుంచి పరిగెత్తుకొచ్చారు. ఖాజా పీర్ కింద మెట్ల గదిలో ఏసీ మెయిన్ దించి, దానికి తన సొంత తాళం వేశాడు. పైన ఆమె టెస్టర్ పెట్టి కరెంటు లేదని చూసుకుని, చేతులు లోపల పెట్టింది. పని ఇరవై నిమిషాలది. ఈలోగా హాల్లో ఉక్కపోత. పెండ్లికొడుకు మేనమామ, ఆయన వెనక నలుగురు మెట్ల గదికి దిగివచ్చారు. మెయిన్ దించి ఉండడం చూసి, అందుకే ఏసీ రావడంలేదు, ముందు అది వేయమన్నారు.

"మా మనిషి చేతులు లోపల ఉండాయి, ఆయమ్మ దిగి వచ్చేదాకా వేయనని చెప్పినాడు. వాళ్లు వినలేదు. చొక్కా పట్టుకున్నారు. ఒకాయన చెంప మీద కొట్టినాడు. బీగంచెవి జేబులో ఉండాదని ఎవరో చెయ్యి పెట్టబోతే..." అనిత ఆగి, ఖాజా పీర్‌ను ఒకసారి చూసింది. "ఈయప్ప చెవి తీసి నోట్లో ఏసుకున్నాడు. బోర్డుకి వీపు ఆనించి నిలబడినాడు. తిట్టినారు, లాగినారు. నోరు తెరిస్తే చెవి బయట పడతాదని తిరిగి ఒక్క మాట అనలేదు. నేను దిగి వచ్చి, పని అయిపోయిందని చెప్పినాక తీసి, చొక్కాకు తుడిచి, బీగం తీసినాడు. కరెంటు ఎవరికీ కొట్టలేదమ్మా. దెబ్బ తగిలింది ఈయనకే, అదీ మనుషుల చేతిది."

తానూ ఆ రోజు మండపంలో టీలు అందిస్తూ అక్కడే ఉన్నానని మద్దిలేటి చెప్పాడు. ఖాజా పీర్ నోరు మూసుకుని ఉండగా చూసింది తన బతుకులో ఆ ఒక్క రోజేనన్నాడు.

ఖాజా పీర్ గ్లాసు అడుగున మిగిలిన టీ వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగొందల మంది వచ్చిన పెండ్లిలో చెంపదెబ్బ తిన్న సంగతి కథల్లోకి తెచ్చుకోలేకపోయాడు. అందుకే దాని చుట్టూ ఇన్ని వానలు కురిపించాడు. అది అనితకు తెలుసు. చెప్పి తప్పు చేశానా అని కూడా ఆమెకు లోపల గుబులుగా ఉంది.

కమలాక్షమ్మ అనిత చేతుల వైపు చూసింది. గ్లాసు పట్టుకుని ఉన్న రెండు చేతులూ, గోళ్ల కింద నల్లటి మడ్డి. చాలాసేపు చూసి, సంచి భుజం మీంచి దించి కూర్చుంది. యశోదమ్మ వచ్చేదాకా ఉంటానని మద్దిలేటికి చెప్పింది. తర్వాత ఖాజా పీర్ వైపు తిరిగింది.

"పెండ్లి రోజు నువ్వు ఆ మెట్ల గది కాడ ఉండాలప్పా. మా ఆయనకు నిన్ను చూపియాల."

మద్దిలేటి అడగకుండానే ఇంకో టీ పోసి ఖాజా పీర్ చేతికిచ్చాడు. అది ఒక గుక్క తాగాక అతని తల మెల్లగా పైకి లేచింది.

"వస్తానక్కా," అన్నాడు. "కానీ అనిత చెప్పిందాంట్లో ఒకటి తప్పు ఉండాది. ఆయమ్మ పైన ఉన్నింది గదా, సరిగ్గా చూల్లేదు. నోట్లో ఏసుకునింది ఒక్క చెవి కాదు. పన్నెండు చెవుల గుత్తి."