అల్మారాలో సర్వర్

తలుపు బార్లా తీసే ఉంది. అక్కకొడుకు అల్మారా ముందు చతికిలబడి, ఒళ్ళో తీగలు చిక్కు తీసుకుంటున్నాడు. పిన్ని గుమ్మం పట్టుకుని రొప్పు తీర్చుకుంటోంది.

"లేవకు, లేవకు. అవి వదిలేస్తే ఏది ఎక్కడిదో మళ్ళీ మర్చిపోతావు. ముందా ఫ్యాను వెయ్యి."

"ఇంత దూరం ఎలా వచ్చావు పిన్నీ? రెండు బస్సులు మారాలి కదా!"

"మారాను. ఒకదాంట్లో సీటు కూడా దొరికింది. కిటికీ పక్కన. ఆ పిల్ల ఎవరో లేచి ఇచ్చింది, చల్లగా ఉండాలి. అది సరే, ఎవరితోనో మాట్లాడుతున్నావుగా? మెట్ల మీదికి వినిపించింది. ఎవరో వచ్చారని సంతోషించాను."

"ఎవరూ రాలేదు. ఏఐతో."

"ఆ ఫోన్లో పలికేదా?"

"అది కాదు. అది కంపెనీవాళ్ళది, మనం ఏమన్నా వాళ్ళ దగ్గరికి పోతుంది. ఇది నేనే పెట్టుకున్నా, ఈ అల్మారాలోనే ఉంటుంది. దీంతో ఏం మాట్లాడినా గది దాటదు."

"గది దాటని మాటలు ఎంతసేపని మాట్లాడతావురా?"

"పిన్నీ..."

"సరే, అనను. బట్టలు పెట్టుకునే అల్మారాలో మిషన్లు పెట్టి, చొక్కాలు కుర్చీ మీద పడేశావు. చిన్నప్పుడూ ఇంతే. రేడియో విప్పేసి, లోపల మనిషి లేడని ఏడుపు! మీ అమ్మా నేనూ చెరో చెయ్యీ పట్టుకుని ఊరుకోబెట్టాం. ఇదిగో, ఈ ఫోను చూడు. నువ్వు పెట్టిచ్చిన ఫోటోల బొమ్మ నొక్కితే తెల్లగా వస్తోంది. సున్నం కొట్టిన గోడలా."

"ఆ ఫోటోల దారి నేనింకా మూయలేదే! ఈ పూట మూద్దామనే కూర్చున్నా."

"మూస్తావా? ఏమొచ్చింది?"

"ఎవరొస్తున్నారు చెప్పు? అందరిళ్ళకీ తిరిగి ఆల్బములు తెచ్చా. ఒక్కో ఫోటో తుడిచి, స్కాన్ చేసి, ఈ డబ్బాలో పెట్టి, ఎవరి మొహం ఎవరిదో ఏఐకి నేర్పించా. తలా ఒక పాస్‌వర్డ్ ఇచ్చా. ఒక్కరూ తెరవలేదు పిన్నీ. బావని అడిగితే, 'నాకు ఆ కంపెనీ వాళ్ళదే అలవాటురా' అన్నాడు. పిల్లల ఫోటోలతో సహా ఊరూపేరూ లేనివాడి చేతిలో పెడుతున్నావు బావా అంటే నవ్వాడు."

"ఎవడో చూస్తే చూడనీరా. నా మొహం చూసేవాడంటూ ఒకడున్నాడనుకుంటా."

"నీకంతా వేళాకోళమే."

"వేళాకోళం కాదులే. మూయకు. ఆ గట్టు మీద మీ అమ్మా నేనూ కాళ్ళు ఊపుతూ కూర్చున్న ఫోటో, అది ఇంకెక్కడుంది నాకు?"

"నీకు కాగితం మీద తీసిస్తాలే. బయటి దారి మాత్రం మూసేస్తా. ఈ డబ్బా, నేను. ఇంకెవరితోనూ పని లేదు."

"ఒక్కరూ రాలేదా? నిజంగా?"

"ఒకడొచ్చాడు. దొంగ."

"అయ్యో! ఎప్పుడు?"

"ఇంటికి కాదు పిన్నీ, ఈ డబ్బాకి, సర్వర్‌కి. రోజూ దీపాలు పెట్టే వేళకి వచ్చి తప్పు పాస్‌వర్డ్ కొట్టేవాడు. కొట్టినప్పుడల్లా ఇక్కడ గంట మోగేది."

"మోగేదా? నీకు వినపడేదా?"

"ఎందుకు వినపడదు! మొదటిసారి సబ్బు మొహంతో పరుగెత్తుకొచ్చా."

"మరి వచ్చి... ఏం చేసేవాడివి?"

"చూసేవాణ్ణి. పేరుండదు, అవతలి మిషన్ తాలూకు వట్టి అంకెలు కనిపిస్తాయి. తర్వాత్తర్వాత... నవ్వనంటే చెబుతా."

"చెప్పు, చెప్పు."

"పని నుంచి తొందరగా వచ్చేసేవాణ్ణి. వాడొచ్చే వేళకి ఇక్కడ కూర్చోవాలని. వాడొక్కడేగా నా తలుపు తట్టేది. ఒకరోజు ఆలస్యమైతే, ఏమయ్యాడో అనుకున్నా కూడా."

"అంత ఎదురుచూసినవాడివి, మరెందుకు తరిమావు?"

"ఏఐని అడిగా. వరస చూస్తే అనుమానంగా ఉంది, ఆపెయ్యమంది. ఆపేశా. ఆ తర్వాత గంట లేదు. ఈ డబ్బాలో ఫ్యాను చప్పుడొక్కటే. అందుకే ఇక ఈ దారెందుకని..."

"నువ్వు నన్నడగాల్సింది."

"నీకేం తెలుసు ఇవన్నీ? ఏదీ, నీ ఫోనిటివ్వు. ఆగు. ఈ అంకెలు... పిన్నీ!"

"ఏంట్రా అలా అరుస్తావు?"

"ఆ దొంగవి నువ్వే!"

"బాగుంది. ఎవరి సొమ్ము తిన్నానురా నేను?"

"నీ ఫోన్నే ఆపేశా. అందుకే తెల్లగా వస్తోంది. అన్ని రోజులూ తప్పు కొట్టింది నువ్వా? నీకు మరపు రాకూడదనే కదా పాస్‌వర్డ్‌గా అమ్మ పేరు పెట్టింది!"

"వేళ్ళు వణుకుతాయిరా. కళ్ళజోడు ఎక్కడో పెడతాను..."

"ఇప్పుడే దారి తెరుస్తున్నా. పాస్‌వర్డ్ కూడా నీ ఫోన్లోనే దాచేస్తా. ఇక నువ్వు కొట్టక్కర్లేదు, నొక్కితే తెరుచుకుంటుంది. గంట గోల ఉండదు."

"వద్దు."

"ఏం వద్దు?"

"దాచొద్దు. అలాగే ఉండనీ."

"మళ్ళీ తప్పు కొడతావు పిన్నీ!"

"కొడతాను."

"అదేంటి?"

"మా అక్క పేరు నేను మర్చిపోతానట్రా?"

"మరి? నాతో మాట్లాడాలంటే ఫోన్ చెయ్యొచ్చుగా?"

"చేస్తే 'ఏం కావాలి పిన్నీ' అంటావు. ఏమీ అక్కర్లేదంటే పెట్టేస్తావు."

"తప్పు కొడితే మాట్లాడతానా?"

"ఇది పెట్టిన రోజు నువ్వే అన్నావు, తప్పు కొడితే నాకు గంట మోగుతుంది, ఎవరో కనుక్కోవడానికి అందరికీ ఫోన్ చేస్తా అని. రోజూ తప్పు కొట్టి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని."