తడి ఆకు

పై గదిలో ఆ అరలు ఎందుకు ఖాళీగా ఉన్నాయంటావా? కూర్చో తల్లీ, చెబుతా. అవి పట్టుపురుగుల అరలు. మా అత్తగారు, జెలీ అని, ఆవిడ రాజ్యం అది. ఏం మనిషనుకున్నావ్! పురుగులున్నన్నాళ్ళూ మా మామగారు ఆ గదిలో గట్టిగా తుమ్మడానికి లేదు. ఇంక తడి ఆకా? కొత్తకోడలిగా వచ్చిన వారానికి, మంచు ఆరని ఆకు ఓ గుప్పెడు వేయబోయాను. చేతిమీద ఫట్టున కొట్టింది. "తడి తింటే కుళ్ళి చస్తాయే, మొద్దూ! మీ అమ్మ నీకు ప్రార్థన ఒక్కటే నేర్పిందా?" అంది. అట్లాంటి మనిషి... ఆఁ, ఏం చెబుతున్నాను?

పెర్లా. అవును. యుద్ధం రోజుల్లో ఓ యూదుపిల్ల మా ఇంట్లో దాక్కుని ఉండేది, ఏడేళ్ళది. అమ్మానాన్నల్ని జర్మనీవాళ్ళు పట్టుకుపోయారు. పాస్టరుగారు తెచ్చి గడపలో నిలబెడితే మా అత్త ఒక్కటే అడిగింది, "సూపు తాగిందా?" అని. "బైబిలు తమంతట తాము చదువుకున్నందుకు ఫ్రాన్సు రాజు సైన్యం మన ముత్తాతల్ని వేటాడలేదూ? ఎవరో తలుపు తియ్యబట్టే కదా మనం ఉన్నాం" అనేది. అంతకుమించి ఆ ఊసెత్తేది కాదు.

జూన్ నెల. పురుగులు గూడు కట్టడానికి నాలుగు రోజులుంది. అప్పుడు వాటి ఆకలి చూడాలి నువ్వు, గదిలో వాన పడుతున్నట్టే చప్పుడు. బయటా వానే. జర్మనీవాళ్ళు ఊళ్ళోకి వచ్చేశారు, పిల్లని అడవిలోకి పంపే వ్యవధి లేదు. అత్త దాన్ని కింది అరలో పడుకోబెట్టి, నిండా మల్బరీ ఆకు కప్పి, పైన దోసిళ్ళతో పురుగుల్ని పోసింది. "కదలకు బంగారూ" అంది. ఆ గొంతు నేనెప్పుడూ విన్లేదు.

ఓ ఆఫీసరు, వాడికి దారి చూపడానికి మన ఊరి పోలీసు ఫుల్‌క్రాన్. సైనికులు అటకా, కొట్టమూ వెతుకుతుంటే ఆఫీసరు వచ్చి సరిగ్గా ఆ గదిలోనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పురుగులు తినేస్తున్నాయి తల్లీ! కప్పిన ఆకునే! ఇక్కడో చిల్లు, అక్కడో చిల్లు. ఇంకాసేపైతే పిల్ల నీలం గౌను కనబడిపోతుంది. అత్త తాపీగా ఆకు వేసింది. తినేశాయి. మళ్ళీ వేసింది. పొడి ఆకు అయిపోయింది. మిగిలింది నేనప్పుడే కోసుకొచ్చిన గంప, నీళ్ళోడుతూ. అత్త చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ తడి ఆకే తీసి వేసింది.

జర్మనీవాడికేం తెలుసు? ఫుల్‌క్రాన్‌కి తెలుసు, వాళ్ళమ్మా పురుగులు పెంచిందే. గంప కేసి చూశాడు, అత్త కేసి చూశాడు, కింది అర కేసి చూశాడు. వాడు తుపాకి గోడకానించి, "ఇటివ్వు పిన్నీ, నీకు నడుం పట్టేస్తుంది" అని గంప లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ అరలోనే తడి ఆకు పరిచాడు. ఆఫీసరు నవ్వాడు, "నువ్వు పోలీసువా, పాలేరువా?" అని. "మా అమ్మ ఇట్లాగే చేయించేదయ్యా" అన్నాడు వీడు, తలెత్తకుండా. ఎంత మెల్లిగా పరిచాడో, పసిబిడ్డకి దుప్పటి కప్పినట్టు.

వాళ్ళు వెళ్ళాక ఆకు తీస్తే, పెర్లా కళ్ళు తెరిచే ఉంది. పెదవి మీద పురుగు పాకుతున్నా ఉలకలేదా పిల్ల! నాలుగో రోజుకి పురుగులకి తెగులు పట్టింది. ఒక అర నుంచి ఇంకో అరకి పాకి, అన్నీ నల్లబడ్డాయి. ఆ గూళ్ళమ్మిన డబ్బే ఆ ఏటి తిండి, ఇంటిల్లిపాదికీ. పూడ్చిపెట్టడానికి అత్త పెరట్లో గుంట తవ్వుతుంటే, ఫుల్‌క్రాన్ యూనిఫారం లేకుండా వచ్చి పార అందుకున్నాడు. అంతలో పెర్లా తెలియక మెట్లమీదికి వచ్చేసింది. వాడు తలెత్తి దాన్ని కళ్ళారా చూశాడు. చూసి, ఆకాశం కేసి తిరిగి, "వాన వచ్చేలా ఉంది పిన్నీ, అందర్నీ లోపలికి పొమ్మను" అన్నాడు.

మబ్బే లేదు తల్లీ ఆ రోజు. ఒక్క మబ్బు...