వదిన చేతిలో మొటిమల బ్యాటు

"మామ్మగారూ, నిన్న కాలేజీ పోటీల్లో మొటిమల రబ్బరున్న అమ్మాయి చేతిలో ఓడిపోయానండి. నేనేం కొట్టినా బంతి ఇంకోలా తిరిగొచ్చింది. మీ రోజుల్లో అలాంటి వాళ్లతో ఎలా ఆడేవారండి?"

మొటిమల బ్యాటుతోనా? ఓసి పిచ్చిదానా, నేను దాని ఎదురుగా నిలబడే పెద్దదాన్నయ్యాను. మా ఇంట్లోనే ఉండేది కదా అది, మా శాంత వదిన చేతిలో. రికార్డు చేస్తున్నావుగా, ఫోను ఇలా దగ్గరగా పెట్టుకో. మళ్లీ చెప్పమంటే నా వల్ల కాదు.

ముందు ఆ రబ్బరు సంగతి విను. మామూలు రబ్బరు నున్నగా ఉంటుంది, కింద స్పాంజి. బంతిని పట్టుకుని తిప్పి పంపుతుంది. మొటిమల రబ్బరేమో పైనంతా బుడిపెలు. మా వదిన బ్యాటుకి ఆ వైపు స్పాంజి కూడా లేదు, చెక్క మీద నేరుగా అంటించిందే. అది బంతిని పట్టుకోదమ్మా. నువ్వు పైకి తిప్పి కొట్టావనుకో, నీ తిప్పుడే నీకు కట్ అయ్యి, అంటే కింది తిప్పుడుగా మారి, నెట్టులోకి లాగేలా తిరిగొస్తుంది. నువ్వు కట్ చేశావనుకో, ఏ తిప్పుడూ లేకుండా తేలిపోతూ వస్తుంది. ఎదుటివాళ్ల చెయ్యి చూసి ఆడావో, మునిగావే. నువ్వు బంతిని ఏం చేసి పంపావో నువ్వే గుర్తుపెట్టుకోవాలి. నిన్న నువ్వు వాళ్ల చెయ్యి చూసుంటావు. చూశావా లేదా? ఆఁ, అదీ.

ఇప్పుడు నయం. ఒకవైపు నలుపు, ఒకవైపు ఎరుపు, కళ్లుంటే చాలు. మా రోజుల్లో రెండు వైపులా ఒకటే రంగు. చేతిలో బ్యాటు గిర్రున తిప్పేసి సర్వీసు చేస్తే ఏ వైపు తగిలిందో ఎవరికీ తెలిసేది కాదు, ఒక్క చెవికి తప్ప. స్పాంజి అయితే "తుప్" అని మెత్తగా వినపడేది. మొటిమలైతే "టక్" అని, తలుపు మీద వేలితో కొట్టినట్టు. అందుకని ఆ బ్యాటు పట్టుకున్న వాళ్లు ఏం చేసేవారంటే, సరిగ్గా బంతి తగిలే క్షణానికి కాలితో నేలని తన్నేవారు. ధబ్! ఆ చప్పుడులో ఈ చప్పుడు కలిసిపోయేది. అప్పట్లో అదేం తప్పు కాదు, అందరూ చేసేవారు. ఇప్పుడు ఒప్పుకోరట కదా.

ఆ బ్యాటు మొదట మా అన్నయ్యది. జాన్ అన్నయ్య. ఇక్కడే, కాకినాడ రేవులో లాంచీ మెకానిక్కు. చర్చి పక్కన యువజనుల హాల్లో టీటీ టేబుల్ ఉండేది, ఒక కాలు కింద ఇటుక ముక్క పెట్టి నిలబెట్టిన టేబుల్. సాయంత్రం నన్నూ వదిననీ తీసుకెళ్లి ఆడించేవాడు. వదిన వాళ్లది తుని. పెళ్లయి వచ్చేదాకా బ్యాటు ముట్టుకుని ఎరగదు. కానీ ఆవిడ చెయ్యి ఉందే, ఏం చెప్పమంటావు, కంగారు తెలియని చెయ్యి. జోడీగా ఆడితే నేనూ వదినా ఒక పక్క. ఆవిడ మొటిమలతో తిప్పి పంపిన బంతికి ఎదుటివాళ్లు తికమకపడి పైకి లేపేవారు, నేను కొట్టేదాన్ని. బంతి పగిలిందంటే ఏడుపొచ్చేది మాకు. బంతి ముప్పావలా... కాదు కాదు, రూపాయి అయిపోయింది అప్పటికి. ఎక్కడున్నాను?

అన్నయ్య. ఆఁ. తుఫానులో లాంచీతో పాటే పోయాడమ్మా. పెళ్లయి రెండేళ్లు నిండలేదు, పిల్లల్లేరు.

(మామ్మగారు ఇక్కడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.)

తర్వాత వదిన వాళ్ల నాన్నగారు వచ్చారు తుని నుంచి. చెడ్డ మనిషి కాదులే, మాట మాత్రం కరుకు. "అమ్మాయిని తీసుకుపోతానండి. అక్కడ ఓ సంబంధం ఉంది. ఆయనకి భార్య పోయింది, పిల్లలు పెద్దాళ్లు, బజార్లో కొట్టు ఉంది," అన్నారు. వదిన తలుపు వెనకాల నిలబడి వింటోంది. మా అమ్మ లేసు అల్లుతోంది. అమ్మది నరసాపురం, దుఃఖమొచ్చినా సుఖమొచ్చినా ఆవిడ చేతిలో ఆ సూది ఆడుతూనే ఉండాలి. అమ్మ అడిగింది, "పిల్లకి ఇష్టమేనా అన్నయ్యగారూ?" అని. ఆయనన్నారు, "ఇష్టానికేముందమ్మా. మీ ఇంట్లో ఏమని ఉంటుంది? తన కాళ్ల మీద తను నిలబడితే నేను ఒక్క మాట అనను. లేదంటే వచ్చే శుక్రవారం వస్తాను, పెట్టె సర్దించండి," అన్నారు.

సరిగ్గా అప్పుడే ఎరువుల కంపెనీ ఒకటి ఆడవాళ్ల టీటీ జట్టు కడతామంది. ఆడి గెలిచిన అమ్మాయికి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఉద్యోగం ఒక్కటే. మా పాస్టరు గారు నా పేరూ వదిన పేరూ రెండూ ఇచ్చేశారు, ఎవరో ఒకరికి తగలకపోతుందా అని. ఇద్దరం చివరాట దాకా వస్తామని ఎవరనుకున్నారమ్మా! వచ్చాం. సోమవారం సాయంత్రం చివరాట, నేనూ మా వదినా.

ఆ మధ్యాహ్నమే ఓడిపోదామని నిశ్చయం చేసుకున్నాను. పెద్ద కష్టమా? నాలుగు బంతులు బయటికి కొడితే సరి. వదిన నా మొహం చూసి పట్టేసింది. చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లింది.

"సుగుణా, నువ్వు కావాలని ఓడిపోయావో, శుక్రవారం దాకా ఆగను. ఇవాళే తుని బస్సెక్కేస్తాను."

"అదేంటి వదినా! నీకోసమే కదా."

"మీ అన్నయ్య పోయాక అందరూ నాకు పెట్టేవాళ్లే. అన్నం పెట్టారు, చీర పెట్టారు, జాలి పెట్టారు. ఇదొక్కటి నన్ను గెలుచుకోనీ. చేతకాకపోతే పోతాను," అంది.

బైబిలు మీద చెయ్యి వేయించుకుంది కూడాను. ఇంకేం చేస్తాను?

కంపెనీ వాళ్ల క్లబ్బు హాలు. చెక్క నేల, పైన పెద్ద లైట్లు. జనం బాగానే ఉన్నారు. వదిన చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపి నిలబడితే వెనక బెంచీలోంచి ఒకడు, "ఏంటమ్మా, వరి ఊడ్పులకొచ్చావా?" అన్నాడు. వదిన వెనక్కి తిరక్కుండానే, "ఊడ్పులు అయిపోయాయండి, కోతలకొచ్చాను," అంది. హాలంతా నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆటకి ముందు బ్యాట్లు మార్చుకుని చూసుకోవాలి, తెలుసు కదా, ఒకళ్ల రబ్బరు ఒకళ్లు చూడాలి. వదిన బ్యాటు నా చేతిలోకి వచ్చింది. రోజూ చూసే బ్యాటే. పిడి మీద అన్నయ్య బొటనవేలు పెట్టి పెట్టి నల్లబడిన చోటు ఉంది. ఆ చోటు మీద ఒకసారి నా వేలు పెట్టి, తిరిగిచ్చేశాను.

మొదటి ఆట నాది, రెండోది ఆవిడది. మూడోది ఇరవై ఇరవై దాకా వచ్చింది. అప్పట్లో ఇరవై ఒకటి కదా ఆట. అక్కడికొచ్చాక వరసగా రెండు పాయింట్లు ఎవరు కొడితే వాళ్లది ఉద్యోగం. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వదిన సర్వీసు. అంతసేపూ ప్రతి సర్వీసుకీ నేల అదిరేలా కాలు తన్నుతూనే ఉంది. నేను మోకాళ్లు వంచి, చెవులు రిక్కించి నిలబడ్డాను. ఆవిడ బ్యాటు తిప్పింది, బంతి ఎగరేసింది.

కాలు లేవలేదు.

"టక్" అని వినపడింది. హాలంతటికీ వినపడింది అనుకుంటాను. మొటిమలు! తిప్పుడు లేని ఉత్త బంతి. మెల్లిగా తేలుతూ నా వైపు వస్తోంది. పసిపిల్లయినా కొట్టేసే బంతి. నేను వదిన మొహం చూశాను. ఆవిడ నేల చూస్తోంది.

అర్థమైపోయింది తల్లీ. నన్ను ఓడిపోవద్దని ఒట్టు వేయించుకున్న మనిషి, తనే నాకు వదిలేస్తోంది. ఇల్లు సుగుణది, అమ్మ సుగుణది, ఉద్యోగమూ సుగుణకే ఉండనీ అనుకుంది. ఎంత కోపమొచ్చిందంటే, కళ్లలో నీళ్లొచ్చాయి. కొడితే వదిన తునికి పోతుంది. కావాలని బయటికి కొడితే ఒట్టు తప్పుతాను, అప్పుడూ తునికే పోతుంది. బంతి వచ్చేస్తోంది.

నేను బ్యాటు కదపలేదు. ఎడమ చెయ్యి పైకెత్తాను.

"రెడీగా లేనండీ!" అన్నాను గట్టిగా.

రూలుంది కదమ్మా, అవతలివాళ్లు సిద్ధంగా లేకపోతే, బంతిని కొట్టడానికి ప్రయత్నం కూడా చెయ్యకపోతే, ఆ సర్వీసు లెక్కలోకి రాదు. అంపైరు గారు నన్ను ఎగాదిగా చూశారు. బంతి నా పక్కనుంచి పోయి గోడకి తగిలి, దొర్లుకుంటూ వచ్చింది. "లెట్. మళ్లీ చెయ్యండమ్మా," అన్నారు.

నేనే వెళ్లి బంతి తీశాను. టేబుల్ మీంచి వదిన వైపు దొర్లించి, ఆవిడకి మాత్రమే వినపడేలా అన్నాను. "కాలు వదినా. కాలు మర్చిపోయావు."

ఆవిడ తలెత్తింది. ఆ చూపు... ఎలా చెప్పను నీకు? నన్ను కొట్టేస్తుందేమో అనిపించింది. పట్టుకుని ఏడ్చేస్తుందేమో అని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. కొంగు ఇంకాస్త బిగించింది. బ్యాటు తిప్పింది. ఒకసారి కాదు, తిప్పుతూనే ఉంది. బంతి ఎగరేసింది.

ధబ్!

ఆ చెక్క నేల నా అరికాళ్ల కింద కూడా అదిరింది. ఏ చప్పుడూ తెలియలేదు. ఇందాక మొటిమలే కదా, ఇప్పుడూ అదే అనుకున్నాను. బ్యాటు నిలువుగా పెట్టి కొట్టాను. స్పాంజి వైపు! కట్ నిండిన బంతి, తిన్నగా నెట్టులోకి. నిజంగా మోసపోయాను. నిజంగానేనమ్మా, దేవుడి సాక్షిగా.

తర్వాతి సర్వీసు నాది. ఇక ఒక్క పాయింటు. నేను ఊరుకోలేదు సుమా! తిప్పి తిప్పి కొట్టాను. ఆవిడ టేబుల్‌కి దూరంగా జరిగి మొటిమలతో అన్నీ తిరిగి పంపింది. ప్రతిదీ కట్ అయ్యి బరువుగా వచ్చేది, నేను కింద నుంచి ఎత్తేదాన్ని. మళ్లీ వచ్చేది, మళ్లీ ఎత్తేదాన్ని. భుజం లాగేస్తోంది. ఎప్పుడు తిప్పిందో తెలీదు, ఆ వేళ్లలో బ్యాటు ఎప్పుడు తిరిగిందో నా కళ్లకి దొరకలేదు. దగ్గరికి జరిగి స్పాంజి వైపుతో అడ్డం పెట్టింది. నేను అదే బరువు అనుకుని ఎత్తాను. బంతి లేచి, టేబుల్ దాటి, బెంచీల మీదికి పోయింది. ఇందాక ఊడ్పులన్నవాడి ఒళ్లో పడింది.

చప్పట్లు ముందుగా వాడే మొదలుపెట్టాడు.

ఇంటికి నడిచొస్తుంటే, గాంధీ బొమ్మ దాటాక వదిన అంది, "నెట్టులో కొట్టావే, అది..." అని ఆగిపోయింది.

"ఒట్టు వదినా, కట్ అనుకోలేదు," అన్నాను.

"నాకు తెలుసులే. నీ మొహం అంత తెల్లబోవడం ఎప్పుడూ చూళ్లేదు," అంది. అని నవ్వింది. అన్నయ్య పోయాక ఆవిడ పళ్లు కనపడేలా నవ్వడం అదే మొదలు. నడిరోడ్డు మీద నిలబడి ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

ఉద్యోగానికి ఆ వారమే రమ్మన్నారు. శుక్రవారం వదిన వాళ్ల నాన్నగారు వచ్చారు, అన్న మాట ప్రకారం. గుమ్మంలో నిలబడి, "పెట్టె సర్దారా?" అన్నారు. మా అమ్మ లేసు పక్కన పెట్టి లేచి నిలబడింది. అమ్మ లేసు పక్కన పెట్టడం నేను చూసింది అప్పుడే.

"మా కోడలు ఆఫీసుకి వెళ్లిందండి అన్నయ్యగారూ. సాయంత్రం వస్తుంది. కూర్చోండి, కాఫీ పెడతాను," అంది.

ఆయన చెప్పులు విప్పి, లోపలికొచ్చి కూర్చున్నారు. కూతురు వచ్చేదాకా కదల్లేదు. కాఫీ రెండు సార్లు అడిగి తాగారు పాపం...

నీతో నిజంగా ఆడేవాళ్లు నీకు దొరకాలి తల్లీ. ఆటలో అయినా, కాపురంలో అయినా. చల్లగా ఉండు. వెళ్లు, ఎండెక్కకముందే వెళ్లి ఆడుకో...